ఇంట్లోనే స్పోర్ట్స్ కారు: కేటర్‌హమ్ కిట్టా, పాత ఎంఎక్స్-5 కిట్టా, సొంత ఛాసిసా?

కిట్ కారంటే విడి భాగాలుగా తెచ్చుకుని ఇంట్లో మనమే బిగించుకునేది. కానీ కారు సంగతి తర్వాత. ముందు టేపు తీసుకుని మీ గరాజ్ కొలవండి.

ఇంగ్లండ్‌లో మామూలు సింగిల్ గరాజ్ అయిదు మీటర్ల పొడవు, రెండున్నర మీటర్ల వెడల్పు ఉంటే అదృష్టమే. కేటర్‌హమ్ అనే బ్రిటిష్ కంపెనీ అమ్మే సెవెన్ కారు పొడవు 3.1 మీటర్లు. దాన్ని మధ్యలో పెట్టుకుని చుట్టూ తిరుగుతూ పని చేసుకోవచ్చు. మాజ్డా వాళ్ల రెండు సీట్ల కారు ఎంఎక్స్-5 దాదాపు నాలుగు మీటర్లు. దాని సామానుతో కిట్ చేయాలంటే దాన్ని విప్పాలి, పక్కన కొత్త ఛాసిస్ (కారంతా నిలిచే ఇనప చట్రం) పెట్టాలి, విప్పిన ఇంజను, గేర్ బాక్సు, సీట్లు, తలుపులు ఎక్కడో సర్దాలి. ఇవన్నీ ఒక్క గరాజ్‌లో పట్టవు. మా ఇంట్లో మూడు నెలలపాటు ఎంఎక్స్-5 తలుపులు మెట్ల కింద, బానెట్ పెరట్లో షెడ్డులో, డాష్‌బోర్డు మా అబ్బాయి మంచం కింద ఉన్నాయి. మా ఆవిడతో ఈ విషయం ముందే మాట్లాడుకున్నాను కాబట్టి గొడవ కాలేదు. మీరూ ముందే మాట్లాడుకోండి. మధ్యలో ఆగిపోయిన కిట్ కార్లలో చాలావాటికి కారణం మెకానికల్ కష్టం కాదు. ఇంట్లో చోటు చాలకపోవడం, వారాంతాలు దొరక్కపోవడం.

నేను పాత ఎంఎక్స్-5 తీసుకుని, దాని సామానుతో సెవెన్ తరహా కారు బిగించాను. పద్నాలుగు నెలలు పట్టింది. రాసుకున్న లెక్క ప్రకారం నాలుగు వందల గంటలు దాటింది. ఇంట్లో చేసిన కారు రోడ్డెక్కే ముందు పాసవ్వాల్సిన ఐవీఏ పరీక్ష రెండోసారికి పాసయింది. ఆ తర్వాత రెండేళ్లుగా నడుపుతూ, సరిచేసుకుంటూ ఉన్నాను. యూకేలో ఉన్న మనవాళ్లు కొందరు "ఏ కిట్ కొనమంటావు అన్నా?" అని అడుగుతుంటారు. నా జవాబు ఎప్పుడూ ఒకటే. ఏ కిట్ అన్నది రెండో ప్రశ్న. ఆ కారులోకి ఇంజను, గేర్ బాక్సు, బ్రేకులు ఎక్కడినుంచి వస్తున్నాయి అన్నది మొదటి ప్రశ్న. అది తేలితే డబ్బు, సమయం, నంబరు ప్లేటు, స్పేర్ పార్టులు అన్నీ దాని వెనకే తేలిపోతాయి.

ఈ సెవెన్ అసలు ఎక్కడిది

1957లో లోటస్ కంపెనీ అధిపతి కాలిన్ చాప్‌మన్ సెవెన్ అనే చిన్న, తేలిక కారు తెచ్చాడు. ఆ రోజుల్లో పూర్తిగా తయారైన కారు కొంటే బ్రిటన్‌లో పర్చేజ్ ట్యాక్స్ కట్టాలి. విడి భాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అయితే బిగించే పద్ధతి రాసిన కాగితం కిట్‌తో ఇవ్వకూడదు. అందుకని లోటస్ విప్పే పద్ధతి రాసి ఇచ్చేదట, కొన్నవాళ్లు చివరినుంచి మొదటికి చదువుకునేవారట. 1973లో వ్యాట్ వచ్చి ఆ పన్ను లాభం పోయింది. సరిగ్గా ఆ ఏడాదే సెవెన్ హక్కులు కేటర్‌హమ్ చేతికి వచ్చాయి. పన్ను లాభం పోయి యాభై ఏళ్లు దాటినా జనం ఇంకా ఇంట్లో బిగించుకుంటూనే ఉన్నారంటే, దానిలో ఉన్న ఆనందం పన్ను కోసం కాదన్నమాట.

కేటర్‌హమ్: డబ్బుంది, సమయం లేదు అనేవాళ్లకు

కొత్త కేటర్‌హమ్ కిట్ అంటే అన్నీ కొత్త భాగాలే. ఛాసిస్ మీద అల్యూమినియం ప్యానెళ్లు ముందే బిగించి వస్తాయి. వైరింగు తయారుగా ఉంటుంది. మీ పనంతా పానాలతో, అలెన్ కీలతో. వెల్డింగు లేదు, తుప్పు గోకడం లేదు. బిగించడానికి వంద గంటల చుట్టూ పడుతుందని అంటారు. మొదటిసారి చేసేవాళ్లు దానికి ఇంకో సగం కలుపుకుంటే మంచిది.

ఇందులో మోడల్ ఎంచుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు. 2021లో వచ్చిన సెవెన్ 170లో సుజుకీ 660 సీసీ టర్బో ఇంజను, 84 హార్స్‌పవర్. కాగితం మీద మన ఆల్టో గుర్తొస్తుంది. కానీ కారు బరువు 440 కిలోలే. సన్నటి టైర్లు, పక్కనే కనిపించే చక్రాలు, చేతికి తెలిసే రోడ్డు. పల్లె రోడ్ల మీద అరవై మైళ్ల వేగం లోపలే దాని సంతోషమంతా దొరుకుతుంది. ఫోర్డ్ 2 లీటర్ల ఇంజనున్న సెవెన్ 360లో 180 హార్స్‌పవర్. ట్రాక్ డేలకు (రేసు ట్రాక్ మీద మన కారు మనమే నడుపుకునే రోజులకు) తరచూ వెళ్తానంటే అలాంటిది తీసుకోండి. సూపర్‌చార్జర్‌తో 310 హార్స్‌పవర్ ఇచ్చే 620 మొదటి కారుగా వద్దు. తడి రోడ్డు మీద అంత తేలిక కారు, అంత పవరు, ఏబీఎస్ లేకుండా. కొన్నాళ్లు తక్కువ పవరుతో చేయి తిరిగాక చూడొచ్చు.

మీరు ఆరడుగులు దాటినా, కాస్త లావుగా ఉన్నా ఎస్‌వీ ఛాసిస్ అడగండి. అది మామూలు దానికంటే 110 మిల్లీమీటర్లు వెడల్పు. కొలత చూస్తే నాలుగు వేళ్లంత, కూర్చుంటే తేడా చాలా.

ఖర్చు? కొత్త కిట్ ఓ మోస్తరుగా తీసుకుంటే ముప్పై వేల పౌండ్ల పైమాటే అనుకోవాలి. అయితే అమ్మేటప్పుడు కేటర్‌హమ్ పేరుకు ధర నిలుస్తుంది. పెట్టిన డబ్బులో ఎంత తిరిగొస్తుందో లెక్కేస్తే చవక కిట్‌కూ దీనికీ తేడా అనుకున్నంత ఉండదు. మనవాళ్లు బంగారం కొనేటప్పుడు వేసే లెక్క ఇక్కడా వేసుకోండి.

పాత కారు సామానుతో కిట్: నేను వెళ్లిన దారి

దీన్ని డోనర్ కిట్ అంటారు. ఛాసిస్, బాడీ, కొన్ని బ్రాకెట్లు కిట్ కంపెనీ ఇస్తుంది. ఇంజను, గేర్ బాక్సు, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు పవరు పంచే గేర్ల పెట్టె), స్టీరింగు, బ్రేకులు, వైరింగు మీరు కొన్న పాత కారు ఇస్తుంది.

ఒకప్పుడు అందరూ ఫోర్డ్ సియెరా వాడేవారు. ఆ కారు 1993 దాకానే తయారైంది. ఇప్పుడు పాత సామాన్ల యార్డుల్లో సియెరా కనపడటమే అరుదు. ఎక్కడో దొరికితే దాన్ని విప్పడం పాపం అనిపించేంత పాతబడింది. ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సియెరా ఆధారంగా ఉన్న కిట్ ఎంత చవకగా వచ్చినా వదిలేయడం మంచిది. రేపు డిఫరెన్షియల్ బేరింగు పోతే ఎక్కడ వెతుకుతారు?

ఎంఎక్స్-5 అలా కాదు. 1989లో మొదలై లక్షల్లో అమ్ముడైంది. వెనక చక్రాలకు పవరు, ముందు ఇంజను, నాలుగు చక్రాలకూ ఇండిపెండెంట్ సస్పెన్షన్. సెవెన్ తరహా కారుకు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఇంకో వరం ఏమిటంటే ఆ కారుకు తుప్పు పట్టే చోటు ఒకటి, మనకు కావలసిన సామాను ఉండే చోటు ఒకటి. తలుపుల కింద ఉండే సిల్స్, వెనక చక్రాల వంపులు, రెండో తరం కార్లలోనైతే ముందువైపు ఛాసిస్ దూలాలు తుప్పు పట్టిపోయి, ఎంఓటీలో (యూకేలో ఏటా చేసే కారు తనిఖీలో) కారు ఫెయిలవుతుంది. ఇంజను, గేర్ బాక్సు మాత్రం గట్టిగానే ఉంటాయి. రిపేరుకు పనికిరాని ఆ తుప్పు బాడీనే మీకు చవకగా దొరికేది.

డోనర్ కొనేటప్పుడు ఒక్క మాట గట్టిగా చెప్తాను. నడిచే కారే కొనండి. విప్పిన ఇంజను "బాగానే ఉంది" అని చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనొద్దు. తీసుకొచ్చాక వారం రోజులు నడపండి. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు గరగరలాడుతోందా, ఇంజను వేడెక్కాక ట్యాపెట్ల (వాల్వులను కదిలించే భాగాల) టిక్ టిక్ ఆగుతోందా, డిఫరెన్షియల్ ఊళ వేస్తోందా, అన్నీ అప్పుడే తెలుస్తాయి. మొదటి తరంలో 1.8 లీటర్ల ఇంజను దొరికితే అది తీసుకోండి. 1.6 అయితే 1991 మధ్య దాకా వచ్చినవాటిలో క్రాంక్‌షాఫ్ట్ (ఇంజను తిరిగే ప్రధాన ఇరుసు) ముందు కొన పొట్టిగా ఉండి, అక్కడ పుల్లీ వదులైతే క్రాంక్ పాడయ్యే సమస్య ఉంది. రెండో తరం కారైతే తాళం చెవి, ఈసీయూ (ఇంజను కంప్యూటరు), ఇమ్మొబిలైజర్ (దొంగతనాన్ని అడ్డుకునే పరికరం) మూడూ ఒకే కారువి, కలిపే ఉంచండి. అందులో ఒకటి మారితే ఇంజను స్టార్ట్ కాదు.

విప్పాక మిగిలిన సామాను పారేయొద్దు. సీట్లు, మంచి తలుపులు, హార్డ్‌టాప్ (తీసి పెట్టుకునే గట్టి కప్పు) ఉంటే అదీ, వీటికి కొనేవాళ్లున్నారు. నా డోనర్ కారుకు పెట్టిన డబ్బులో సగం పైగా అలా తిరిగొచ్చింది.

ఈ ఎంఎక్స్-5 దారిలోనే రెండు రకాలున్నాయి. సెవెన్ ఆకారంలో ఉండే కిట్లు ఒక రకం. జీబీఎస్ అనే కంపెనీ జీరో కిట్‌లో ఎంఎక్స్-5 ఆధారంగా వచ్చేది అలాంటిదే. బాడీ అంటూ పెద్దగా లేకుండా ఇనప గొట్టాల పంజరంలా ఉండే ఎక్సోసెట్ రెండో రకం. ఎక్సోసెట్‌లో ఎంఎక్స్-5 సబ్‌ఫ్రేములు (సస్పెన్షన్ బిగించి ఉండే చట్రాలు), గేర్ బాక్సునూ డిఫరెన్షియల్‌నూ కలిపే అల్యూమినియం దూలం అలాగే దిగిపోతాయి. అంటే ఇంజను నుంచి వెనక చక్రం దాకా మాజ్డా ఇంజనీర్లు అమర్చిన వరస చెదరదు. పని తక్కువ, తప్పు జరిగే చోట్లు తక్కువ. ఇంజనీరింగ్ కాలేజీలో బాజా ఎస్ఏఈ బగ్గీ టీములో పని చేసినవాళ్లకు ఎక్సోసెట్ చూడగానే పాత స్నేహితుడు కనపడినట్టుంటుంది. కానీ దానికి తలుపుల్లేవు, వాన పడితే తడవాల్సిందే. మాంచెస్టర్‌లో ఉండేవాళ్లు ఈ మాట రెండుసార్లు చదవండి. నేను సెవెన్ ఆకారం ఎంచుకోవడానికి కారణం అదే. పలచటిదైనా ఒక కప్పు ఉంటుంది, పక్కన కూర్చున్న మనిషి కాళ్లు తడవవు.

ఒకే డోనర్ ఎందుకంటున్నానంటే

కొందరు ఇంజను ఒక కారుది, బ్రేకులు ఇంకో కారువి, స్టీరింగు మూడోదానిది తెచ్చి కలుపుతారు. చవకగా దొరికాయని. నేను కూడా ఒక్క చోట ఆ పని చేశాను. ఎంఎక్స్-5 బ్రేకులకు వేరే కిట్ కోసం చేసిన బ్రేకు పైపులు పెట్టాను. మర రెండింటికీ ఒకటే, పది మిల్లీమీటర్లది. చేత్తో తిప్పితే హాయిగా ఎక్కింది. పెడల్ నొక్కితే నట్టు పక్కనుంచి సన్నగా చెమ్మ. ఇంకాస్త బిగించాను, ఇంకాస్త చెమ్మ. రెండు రోజులు తిప్పలు పడ్డాక పైపు కొన చూశాను. జపాన్ కార్లలో పైపు కొన లోపలికి మడిచి గరాటాలా ఉంటుంది. నేను పెట్టినదాని కొన బయటికి ఉబ్బి గుండీలా ఉంది. మర కలిసినంత మాత్రాన మూతి కలవదు. బ్రేకు విషయంలో అలాంటి పొరపాటు రోడ్డు మీద బయటపడితే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. పైపులన్నీ తీసేసి, ఎంఎక్స్-5 మూతికి తగ్గట్టు కొత్తవి చేయించాను.

నంబరు ప్లేటు సంగతి కూడా దీంతో ముడిపడి ఉంది. కిట్ కంపెనీ చేసిన కొత్త ఛాసిస్‌కు ఒకే డోనర్ కారునుంచి కనీసం రెండు ముఖ్య భాగాలు వాడి, దానికి రుజువులు చూపిస్తే, యూకేలో వాహనాలు రిజిస్టర్ చేసే డీవీఎల్‌ఏ ఆ డోనర్ వయసుకు తగ్గ నంబరు ఇస్తుంది. పలు కార్ల భాగాలు కలిపేసి ఏది ఎక్కడిదో చూపలేకపోతే 'క్యూ' ప్లేటు, అంటే కారు వయసు తేలలేదని చెప్పే నంబరు, వస్తుంది. క్యూ ప్లేటు ఉంటే కారు నడపడానికి అడ్డేం లేదు. కాకపోతే అమ్మేటప్పుడు కొనేవాళ్లు ముఖం ముడుస్తారు, కొన్ని ఇన్సూరెన్సు కంపెనీలు కూడా. అందుకని డోనర్ కారు వీ5సీ అనే రిజిస్ట్రేషన్ కాగితం మీ పేరు మీదకు మార్చుకున్నాకే పానా పట్టండి. విప్పే ప్రతి రోజూ ఫోటోలు తీయండి. నట్టు బోల్టు కొన్న రసీదు కూడా దాచండి. రేపు మీరే ఇంట్లో బిగించారని నిరూపించేవి అవే.

సొంత ఛాసిస్: వెల్డింగంటే ప్రాణం ఉన్నవాళ్లకే

లోకాస్ట్ అనే సంప్రదాయం ఒకటుంది. 1990లలో ఒక ఇంగ్లిష్ స్కూలు టీచరు, అతి తక్కువ డబ్బుతో సెవెన్ లాంటి కారు ఎలా చేయొచ్చో కొలతలతో సహా రాసి చూపించాక పాకింది. ఇరవై అయిదు మిల్లీమీటర్ల చదరపు గొట్టం, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు. కొలిచి, కోసి, వెల్డింగు చేసి మీ ఛాసిస్ మీరే తయారు చేసుకోవడం.

దీన్ని తక్కువ చేసి మాట్లాడను. ఆ గొట్టాలు ఒక్కొక్కటీ మూల కలిసి ఛాసిస్‌గా నిలబడటం చూసినవాళ్ల కళ్లలో వెలుగు వేరు. కానీ డబ్బు ఆదా అని ఈ దారి పట్టొద్దు. వెల్డింగు మిషను, గ్యాసు, గ్రైండరు, సమతలంగా ఉండే టేబులు, జిగ్గు (గొట్టాలను కదలకుండా పట్టి ఉంచే అమరిక) అన్నీ కలిపితే వాడిన ఛాసిస్ ఒకటి కొనే డబ్బుకు దగ్గరవుతుంది. ఆపైన సమయం. వెల్డింగు మీద మీకే నమ్మకం కుదరాలి, అదీ సస్పెన్షన్ బ్రాకెట్ల దగ్గర. వెల్డింగు నేర్చుకోవడమే మీకు ఆనందమైతే, రెండు మూడేళ్లు పట్టినా ఫర్వాలేదంటే, ఇంతకంటే తృప్తి ఇచ్చే దారి లేదు. సండే నాడు కారు నడపాలన్నదే కోరికైతే వద్దు.

సగంలో ఆగిన కిట్ కొనడం

అమ్మకానికి వచ్చే ప్రకటనల్లో ఇవి చాలా కనిపిస్తాయి. "తొంభై శాతం అయిపోయింది, చిన్న పని మిగిలింది" అని ఉంటుంది. ఆ మిగిలిన పదిలోనే వైరింగు, బ్రేకులు, ఐవీఏ అన్నీ ఉంటాయి. అయినా సరే, తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు ఇది మంచి దారే, మూడు సంగతులు చూసుకుంటే. డోనర్ వీ5సీ, ఛాసిస్ రసీదు ఉన్నాయా? లేకపోతే బేరం కూడా ఆడొద్దు, తిరిగి వచ్చేయండి. ఆ ఛాసిస్ చేసిన కంపెనీ ఇప్పుడు ఉందా? ఈ రంగంలో పెద్ద పేర్లకూ కష్టకాలాలొచ్చాయి. వెస్ట్‌ఫీల్డ్ అంతటి కిట్ కంపెనీ కూడా 2022లో దివాలా అంచుకు చేరి అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లింది. విడి భాగాలు వేరే ఎక్కడైనా దొరుకుతాయో లేదో ముందే కనుక్కోవాలి. ఇక మూడోది, అప్పటిదాకా చేసిన పని మీద నమ్మకం. నా సలహా, బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు, వైరింగు ఎవరు చేశారన్నదాంతో నిమిత్తం లేకుండా మొత్తం మళ్లీ మీరే చేయండి. ఆ ఖర్చు, సమయం ధరలో తగ్గించి అడగండి.

బైకు ఇంజనా, కారు ఇంజనా

హయబూసా, ఆర్1 లాంటి బైకుల ఇంజన్లు పెట్టిన సెవెన్లు ఉన్నాయి. పదివేల ఆర్‌పీఎం దాటి అరుస్తుంటే గుండె ఝల్లుమంటుంది. కానీ బైకు మలుపులో పక్కకు వాలుతుంది, కారు వాలదు. బైకు ఇంజను అడుగున ఆయిల్ గిన్నె ఆ వాలుడుకు తగ్గట్టు చేసినది. అదే ఇంజను కారులో పెట్టి పొడుగాటి మలుపు వేగంగా తిరిగితే ఆయిలంతా ఒక పక్కకు చేరి పంపుకు గాలి తగులుతుంది. దానికి ఆయిల్ గిన్నె మార్చాలి, లోపల అడ్డుగోడలు పెట్టాలి. రివర్స్ గేరు విడిగా అమర్చాలి. క్లచ్ తొందరగా అరుగుతుంది. రెండో కారుకు ఆలోచించండి.

ఐవీఏ

ఐవీఏ అంటే ఒక్కొక్క కారునూ విడిగా పరీక్షించి రోడ్డుకు అనుమతించడం, వాహనాల తనిఖీలు చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎస్ఏ చేస్తుంది. భయపడాల్సింది లేదు గానీ కారు ఎంచుకునేటప్పుడే ఇది మనసులో ఉండాలి. ఎన్నో కార్లకు ఐవీఏ పాస్ చేయించిన కిట్ కంపెనీ దగ్గర ఆ అనుభవమంతా కిట్‌తోపాటు మీకొస్తుంది. సీటు బెల్టు బిగించే చోట్లు, అద్దాలు, స్టీరింగు కాలమ్ అన్నీ ముందే ఆలోచించి చేసి ఉంటారు. సొంత ఛాసిస్‌కు అవన్నీ మీరే ఆలోచించాలి.

బయటవైపు వంద మిల్లీమీటర్ల బంతి తగిలే ప్రతి అంచూ కనీసం రెండున్నర మిల్లీమీటర్ల గుండ్రం ఉండాలి. నేను ఫెయిలయింది ఒకటి అక్కడ, నంబరు ప్లేటు లైటు బ్రాకెట్ అంచు దగ్గర. రెండోది స్టీరింగు. మలుపు తిప్పి చేయి వదిలితే స్టీరింగు దానంతట అది మధ్యకు తిరిగి రావాలి. తేలిక కారులో ముందు బరువు తక్కువ కాబట్టి అది బద్ధకంగా వస్తుంది. క్యాస్టర్ కోణం పెంచాను. అంటే ముందు చక్రం తిరిగే ఇరుసును సైకిల్ ముందు ఫోర్కులాగా ఇంకాస్త వెనక్కి వాల్చాను. రెండోసారి వెళ్లినప్పుడు చక్కగా తిరిగొచ్చింది.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు

ఆ వేసవిలో మా నాన్నగారు వచ్చి ఉన్నారు. గుంటూరు జిల్లాలో ఆయన ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపారు, ఆయనే రిపేరు చేసుకునేవారు. బ్రేకుల్లో గాలి తీసేటప్పుడు సీట్లో కూర్చుని ఆయనే పెడల్ నొక్కారు. "నాన్నా, నొక్కండి... అలాగే పట్టుకోండి... ఆ, వదలండి" అని నేను కిందనుంచి, "గాలి ఇంకా వస్తోందిరా" అని ఆయన పైనుంచి. సాయంత్రానికి స్టార్టర్ తిప్పితే నెమ్మదిగా గిర్రుమని ఆగిపోయింది. హెడ్‌లైట్ వేస్తే పెట్రోలు ముల్లు ఊగుతోంది, ఇండికేటర్ వేస్తే హెడ్‌లైట్ మసకబారుతోంది. నేను వైరింగు పటం తెరిచాను.

నాన్నగారు వంగి చూసి, "ముందు ఎర్తు చూడరా. ఒకటి నొక్కితే ఇంకోటి ఊగుతోందంటే ఎర్తే" అన్నారు.

ఎర్తు వైరు బిగించి ఉంది, గట్టిగానే. కానీ బిగించింది పౌడర్ కోటింగ్ మీద. అందమైన నల్ల రంగు, కరెంటు పోనివ్వని రంగు. నాలుగు చోట్ల రింగు కింద ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన వ్యాజ్‌లీన్ రాశాం. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది. ఏ కిట్ కొన్నా, ఛాసిస్ ఎంత అందంగా రంగు వేసి వచ్చినా, ఎర్తు చోట్లు మొదటిరోజే గీకి పెట్టుకోండి.

నడవడం వేరు, కుదరడం వేరు

నంబరు ప్లేటు వచ్చాక ఎక్కువమంది ఆగిపోతారు. నా దృష్టిలో అక్కడ సగం పనే అయినట్టు. కిట్ ఎంచుకునేటప్పుడు మీ బడ్జెట్‌లో పదోవంతు దీనికి విడిగా పక్కన పెట్టండి. స్ప్రింగు కింది ప్లేటు తిప్పి ఎత్తు మార్చుకునే డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు) ఉన్న కిట్టే తీసుకోండి. అవి లేకపోతే కింద చెప్పేది ఏదీ చేయలేరు.

టైర్ల గాలితో మొదలుపెట్టండి, దానికి ఖర్చే లేదు. ఎంఎక్స్-5కు కంపెనీ చెప్పింది 26 పీఎస్ఐ. బరువు మూడోవంతు తగ్గిన కారుకు అదే గాలి ఉంచితే టైరు మధ్యలోనే నేలను తాకుతుంది. కారు గంతులు వేస్తుంది, తడిలో జారుతుంది. నేను ఒక్కొక్కటే తగ్గిస్తూ 18 దగ్గర ఆగాను. అది వేరే కారులా మారిపోయింది.

తర్వాత నాలుగు చక్రాల బరువు. నాలుగు త్రాసులు అద్దెకు తెచ్చి సమతలంగా ఉన్న నేల మీద పెట్టాలి. డ్రైవర్ సీట్లో డ్రైవర్ బరువుండాలి, కానీ డ్రైవరే కింద పానా పట్టుకుని ఉంటాడు. నా బరువు 75 కిలోలు. పది కిలోల సోనామసూరి సంచులు ఏడు, అయిదు కిలోల కందిపప్పు సంచి ఒకటి సీట్లో పేర్చి బెల్టు వేశాను. మొత్తం 700 కిలోలు. ముందు ఎడమ 158, ముందు కుడి 182, వెనక ఎడమ 184, వెనక కుడి 176. ఇప్పుడు ఐమూలగా కూడండి. ముందు ఎడమ, వెనక కుడి కలిపితే 334. ఇంకో ఐమూల 366. ఒక కాలు పొట్టిగా ఉన్న మంచంలా నిలబడి ఉంది కారు. అందుకే ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో ఒకలా ప్రవర్తించేది.

ముందు ఎడమ స్ప్రింగు ప్లేటు కొద్దికొద్దిగా పైకి తిప్పితే ఆ మూలా, దానికి ఐమూలగా ఉన్న వెనక కుడి మూలా బరువెక్కుతాయి. మిగతా రెండూ తేలికవుతాయి. అరగంట తిప్పి, కారును ఊపి, మళ్లీ చూసి, చివరికి 166, 174, 176, 184 దగ్గరకు తెచ్చాను. రెండు ఐమూలలూ 350. గమనించండి, ముందు బరువు 340, వెనక బరువు 360 అప్పుడూ ఇప్పుడూ అంతే. ప్లేట్లు తిప్పి వాటిని మార్చలేం. అది మార్చాలంటే బ్యాటరీ లాంటి బరువులను జరపాలి. టో, అంటే చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయో కొలవడానికి కారు రెండు పక్కలా దారం కట్టి స్టీలు స్కేలుతో చూసుకున్నాను. ఓపికుంటే అలైన్‌మెంట్ షాపు అక్కర్లేదు.

హైదరాబాద్, విజయవాడల నుంచి అడిగేవాళ్లకు

ఇండియాలో ఈ పని రోడ్డు కోసం మొదలుపెట్టొద్దు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనం మార్పుల మీద గట్టిగా ఉంది. కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంట్లో బిగించిన కారుకు యూకే ఐవీఏ లాంటి సులువైన దారి మనకు లేదు. ట్రాక్ కోసం చేసుకుని ట్రెయిలర్ మీద చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరు కారి ట్రాక్‌కో తీసుకెళ్తానంటే అది వేరే సంగతి, చేయదగిన పని. ఇంజనీరింగ్ చదువుతున్నవాళ్లైతే బాజా, ఫార్ములా భారత్ లాంటి పోటీల టీములో చేరండి. వెల్డింగు, సస్పెన్షన్ జామెట్రీ, రాత్రంతా వర్క్‌షాప్‌లో ఉండటం అన్నీ అక్కడే నేర్చుకోవచ్చు.

ఆర్డరిచ్చే ముందు

డబ్బుండి చిన్నపిల్లలున్న ఇంట్లో సమయం తక్కువైతే కేటర్‌హమ్ 170. నాలాగా శనివారాలు దొరికి, చేతులకు గ్రీజు అంటితే సంతోషించే రకమైతే ఎంఎక్స్-5 ఆధారంగా ఉన్న సెవెన్. వాన గొడవ పట్టదంటే ఎక్సోసెట్, అది ఇంకా తొందరగా అవుతుంది. నా డోనరూ, కిట్టూ, టైర్లూ, ఐవీఏ ఫీజులూ అన్నీ కలిపి పది వేల పౌండ్లకు కాస్త లోపే అయ్యాయి. పనిముట్లు ముందే ఉన్నాయి.

ఫోటోలు చూసి డబ్బు కట్టొద్దు. కిట్ కార్ షో లాంటిచోటికి వెళ్తే చాలా రకాలు ఒకేచోట చూడొచ్చు, కట్టినవాళ్లతో మాట్లాడొచ్చు. మీరు రోజూ వేసుకునే బూట్లు కాకుండా సన్నటి అడుగున్న షూ ఒక జత తీసుకెళ్లండి. కారు యజమానిని అడిగి, బూట్లు మార్చుకుని, సీట్లోకి దిగి, క్లచ్ పూర్తిగా నొక్కి చూడండి. ఎడమ కాలికి చోటుందా, బ్రేకు నొక్కితే పక్కనున్న యాక్సిలరేటర్ కూడా తగులుతోందా, మోకాలు స్టీరింగుకు కొట్టుకుంటోందా చూసుకోండి. మీ ఆవిడనో, ఆయననో పక్క సీట్లో కూర్చోబెట్టి అయిదు నిమిషాలు అలాగే ఉండండి. ఆ అయిదు నిమిషాలూ ఇద్దరికీ హాయిగా ఉన్న ఛాసిస్‌కే అడ్వాన్స్ ఇవ్వండి.